కొసల్లేని చున్నీ

నరసాపురం రేవు నుంచి గోదారి గట్టు పట్టుకుని వస్తే, ఐసు ఫ్యాక్టరీ దాటాక ఎడం పక్కన ఉండేదే మా పేట. ఇక్కడ మగాళ్ళ చేతుల్లో వల ఉంటుంది, ఆడాళ్ళ చేతుల్లో లేసు ఉంటుంది. ఎవరైనా చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుంటే ఒంట్లో బాలేదేమో అని వెళ్ళి పలకరిస్తాం. అలాంటి పేటలో కూడా పనిమంతురాలు ఎవరంటే అందరూ ఒకే గుమ్మం వైపు వేలు చూపిస్తారు. అది మహాలక్ష్మమ్మ వదిన గుమ్మం.

వదిన చూడ్డానికి పొట్టి. నడిస్తే చప్పుడుండదు. నోరు తెరిస్తే మాత్రం అవతలి గట్టున సఖినేటిపల్లిలో గోదారి దాటడానికి పంటు ఎక్కేవాళ్ళు కూడా ఎవరో పిలిచారనుకుని వెనక్కి తిరుగుతారు.

లేసు పని తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. లేసు సూది అంటే బెత్తెడు ఇనుప పుల్ల, మొనకి చిన్న కొక్కెం. దాంతో తెల్ల నూలు దారాన్ని లాగి గొలుసు అల్లి, ఆ గొలుసుని గుండ్రంగా తిప్పి పువ్వు చేస్తారు. మా పేటలో ఒక్కొక్కరిదీ ఒక్కో పువ్వు. మా వీధిలో చిన్నమ్మాయి అని ఒకావిడ ఉందా, పెళ్ళికి ముందు నుంచీ ఎనిమిది రేకుల పువ్వే అల్లుతోంది, మనవలు పుట్టాక కూడా అదే అల్లుతోంది. తొమ్మిదో రేకు వెయ్యమంటే దానికి చలిజ్వరం వస్తుంది. దాని పక్కింటావిడ ఆకు తప్ప ఇంకోటి అల్లదు. ఎదురింటావిడ అంచు తప్ప అల్లదు. దీన్ని చేతిపని అంటారు. ఈ పువ్వులూ ఆకులూ అన్నీ పోగేసి, దారంతో ఒకదానికొకటి కలిపి, మంచం దుప్పటో బల్లగుడ్డో చేసేదాన్ని అతుకుపని అంటారు. వదినది అతుకుపని.

ఆవిడ వేసిన అతుకు కనిపెట్టాలంటే దేవుడే దిగిరావాలి. ఆయన కూడా వచ్చేటప్పుడు కళ్ళజోడు తెచ్చుకోవాలి. ఒకసారి చెరువుల కౌలు దగ్గర కొట్టుకుని మొహాలు చూసుకోవడం మానేసిన అన్నదమ్ముల్ని ఇద్దర్నీ ఒకే పెళ్ళిలో ఒకే బంతిలో పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకడి చేత ఇంకొకడికి గారెలు వడ్డింపించింది. దారంతోనే కాదు, నోటితో కూడా అతుకుతుంది మరి.

ఆవిడ మొగుడు పల్లంరాజు అన్నయ్య. గోదారిలో విసురు వల వేస్తాడు. ఆయన వల గిరగిరా తిప్పి విసిరాడంటే అది నీళ్ళ మీద పెళ్ళి పందిరిలా విచ్చుకుంటుంది, చేపలే వచ్చి కింద కూర్చుంటాయి అంటారు. మనిషి మంచివాడే గానీ ఒకసారి ఒక మాట అన్నాడంటే దాన్ని వెనక్కి తీసుకోవడానికి గోదారి వెనక్కి పారాలి. కొడుకు ప్రసన్నకుమార్ సముద్రం బోట్ల మీద వెళ్తాడు. బోటు ఎక్కాడంటే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆ బోటుకే తెలియాలి. కాబట్టి ఇంట్లో ఉండేది అత్తా, మావా, కోడలు సాయిదుర్గ.

సాయిదుర్గ బీఎస్సీ చదివింది. పాలకొల్లు రోడ్డులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని. తెల్లారేసరికల్లా రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకుని ల్యాబు ముందు నిలబడతారు. చెరువులో గాలి తగ్గిందో, ఉప్పు పెరిగిందో ఈ పిల్ల చెప్తే గానీ వాళ్ళు మేత వెయ్యరు. మీసాలున్న రైతులు కూడా ఈ పిల్ల ముందు సీసా పట్టుకుని స్కూలు పిల్లల్లా నిలబడతారని విన్నాను. ఆ వేళకి మా పేటలో ఆటోలు లేవవు. అందుకని స్కూటీ కొనుక్కుంది. మొహానికీ తలకీ చున్నీ చుట్టుకుని, కళ్ళు మాత్రం కనబడేలా, ఆ స్కూటీ మీద ఆ పిల్ల వెళ్తుంటే వదిన అరుగు మీద నిలబడి, ఆ బండి మలుపు తిరిగే దాకా చూసేది. "నా కోడలు నీళ్ళకి జాతకం చెప్తది" అని పాలవాడికి కూడా చెప్పుకునేది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం అయింది ఆ పని. సాయిదుర్గ కాలవ గట్టు మీద ఇంటికి వస్తోంది. చున్నీ కొస ఊడి వెనక చక్రంలో పడింది. బండి ఒక పక్క, పిల్ల ఒక పక్క. మెడకి చున్నీ బిగుసుకుంది. అదృష్టం ఏంటంటే, కాలవ పక్కనే వల ఆరబెట్టుకుంటున్న పల్లంరాజు అన్నయ్య చూశాడు. పరిగెత్తుకొచ్చి నడుం దగ్గరున్న కత్తితో చున్నీ కోసేశాడు. ఆ పరుగు చూసినవాళ్ళు చెప్పారు, ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదట. పిల్లకి మెడ మీద ఎర్రటి చార పడింది, మోచెయ్యి గీసుకుంది, అంతే.

ఆ సాయంత్రం స్కూటీ తాళం తీసుకెళ్ళి ఆయన మొలతాడుకి కట్టుకున్నాడు.

"మావయ్యగారూ, పిన్నీసులు పెట్టుకుంటానండి" అంది సాయిదుర్గ.

"పిన్నీసు ఊడిపోద్ది."

"నడుముకి ముడేసుకుంటానండి."

"ఇవాళ వేసుకోలేదా ముడి?"

"అయితే చున్నీ లేకుండానే వెళ్తానండి."

"ఎండ నెత్తి మీద, రొయ్యల లారీల కంపు నీళ్ళు మొహం మీద. అలాగే వెళ్తావా? రెండో రోజుకే మళ్ళీ చుట్టుకుంటావు."

వదిన వంటింట్లోంచి వచ్చింది. "మరి పిల్ల ఎలా వెళ్ళాలంటావయ్యా పనికి?"

"నన్నడుగుతావేంటి? కొసల్లేని చున్నీ ఎక్కడన్నా ఉంటే తెమ్మను. తెచ్చిన రోజే తాళం ఇస్తాను" అని ఎటకారంగా అనేసి, తువ్వాలు దులుపుకుని గట్టు మీదకి వెళ్ళిపోయాడు.

ల్యాబాయన మంచాయనే. వినాయక చవితి దాకా చూస్తాను, తర్వాత వేరేవాళ్ళని పెట్టుకోక తప్పదు, రైతులు ఆగరు అని ఫోనులో చెప్పాడు. సాయిదుర్గ ఫోను పెట్టేసి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడానికి వీలుండేది, ఏడవకపోయేసరికి వదినకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"ఒసేయ్ పిల్లా, ఆయన ఎటకారానికి అన్నాడో, కోపానికి అన్నాడో, పదిమందీ వినేలా అన్నాడు. అన్నాడుగా. చేసి చూపిద్దాం" అంది.

"కొసల్లేని చున్నీ ఎక్కడుంటదత్తయ్యా?"

"నీ ఫోనులో లేందంటూ ఉంటదేంటే. చూడు."

చూస్తే ఉంది. గుండ్రంగా, మొదలూ చివరా కలిసిపోయి, గొట్టంలా ఉండి మెడలో వేసుకుని రెండో చుట్టు తిప్పుకునే గుడ్డ. లూప్ స్కార్ఫ్ అంటారట. దొరసానులు వేసుకున్న ఫొటోలు కొన్ని వేలు వచ్చాయి. వెనకాల అంతా మంచు. ఒకావిడైతే ముక్కు దాకా కప్పేసుకుని, పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లిలా ఉంది. ఎలా అల్లాలో కింద ఇంగ్లీషు పొడి అక్షరాల్లో రాసి ఉంది కూడా.

"చదువు" అంది వదిన.

"సీహెచ్ అని ఉందత్తయ్యా. ఆ పక్కన అంకె. మళ్ళీ ఎస్సెల్ ఎస్టీ అంట."

"సీహెచ్ మీ పుట్టింటోళ్ళ ఇంటిపేరు కదే. వాళ్ళనెందుకు లాగారు ఇందులోకి?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ప్రమాదం జరిగాక ఆ ఇంట్లోంచి నవ్వు వినబడ్డం అదే మొదలు. నేను గోడ ఇవతలే బట్టలు ఆరేస్తున్నాను గనక విన్నాను, ప్రత్యేకంగా వినాలని కాదు.

రాసింది అర్థం కాకపోయేసరికి వీడియో పెట్టుకున్నారు. అందులో ఒకావిడ గలగలా మాట్లాడుతూ అల్లుతోంది. వదిన కాసేపు చూసి, "దాని మాట ఆపెయ్. నాకు చెయ్యి కనబడితే చాలు" అంది. మాట ఆపేశాక ఆ చేతుల్ని ఒక్కసారే చూసింది. ఒక్కసారి చూస్తే చాలు ఆవిడకి. పెళ్ళిలో అవతలి పంక్తిలో కూర్చున్నావిడ చీర అంచు చూసి, ఇంటికొచ్చి అదే అంచు లేసులో దించేసిన మనిషి.

సాయిదుర్గ నరసాపురం బజారు నుంచి ఊలు తెచ్చింది, వీడియోలో ఉన్నంత లావుది. నూతి చేదకి కట్టుకోవచ్చు, అంత లావు. వదిన అన్నం వార్చేలోపు సగం, కూర దించేలోపు మిగతా సగం అల్లేసింది. కోడలి మెడలో వేసి ఎండలో వాకిట్లో నిలబెట్టింది. కాసేపటికి పిల్ల మొహం ఉడకబెట్టిన పీతలా అయింది.

పల్లంరాజు అన్నయ్య అప్పుడే రేవు నుంచి వచ్చాడు. ఆగి చూశాడు. "కొసల్లేవు, నిజమే. చక్రంలో పడి పోదు. ఉడికి పోద్ది" అని లోపలికి వెళ్ళిపోయాడు.

వదిన ఊలు తీసి కోళ్ళ గూట్లో వేసింది. కోళ్ళు కూడా దాని మీద పడుకోలేదు.

ఊలు కాకపోతే నూలు. నూలంటే మన లేసు దారమే. కానీ మెడకి వేసుకునే నమూనా కావాలి కదా. మర్నాడు లేసు ఏజెంటు తాతాజీగారు సైకిలు మీద సంచీ వేసుకుని వచ్చాడు. ఆయన ఎప్పుడూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని, మాట దూరంగా పెట్టుకుని మాట్లాడతాడు.

"తాతాజీగారూ, మెడకి వేసుకునే శాంపిలు ఏదైనా ఉందాండీ మీ సంచీలో?"

"మెడకాండీ?" అని సంచీ వైపు చూశాడు ఆయన, అది తనని అడక్కుండా ఏదైనా చేసిందేమో అన్నట్టు. "నా హయాంలో బల్లకి వేశామండి, దిండుకి వేశామండి, సోఫాకి వేశామండి. టీవీకి కూడా వేశామండి. మెడకి మాత్రం ఆర్డరు రాలేదండి."

"మనిషికి వేసింది లేదా అసలు?"

"మనిషికి ఎవరు వేస్తారండి? మనిషి కదులుతాడు కదండీ."

ఆ మాట వదినకి ముల్లులా దిగింది. ఆయన సైకిలు ఎక్కి వెళ్ళిపోయాక కూడా అరుగు మీదే కూర్చుంది. తన చేత్తో అతికిన దుప్పట్లూ బల్లగుడ్డలూ ఎన్ని దేశాల్లో పరుచుకున్నాయో ఆవిడకి తెలీదు. ఒక్కటి కూడా ఎవరి ఒంటి మీదా చూసింది లేదు.

అప్పుడు వదిన మా వీధి వీధంతా తిరిగింది. ఎవరి పువ్వు వాళ్ళని అడిగింది. చిన్నమ్మాయి ఎనిమిది రేకుల పువ్వులు ఇచ్చింది, పక్కింటావిడ ఆకులిచ్చింది, ఎదురింటావిడ అంచు ఇచ్చింది. ఎందుకని అడగలేదు ఎవరూ. తాళం సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఎలా తెలిసిందో నన్నడక్కండి. పువ్వులన్నీ చాప మీద పరిచి వదిన అతకడం మొదలుపెట్టింది. పొడుగ్గా అతికి, చివర్ని తెచ్చి మొదలుకి అతికింది. మొదలెక్కడో చివరెక్కడో నిజంగానే తెలియలేదు. పెద్దాపురం మరిడమ్మ తల్లి మెడలో వేసినా తలొంచి వేయించుకునేది, అంత బాగుంది.

ఆ తర్వాతే పొరపాటు జరిగింది. ఇంకే ఊరివాళ్ళూ చెయ్యని పొరపాటు, మావాళ్ళే చెయ్యగల పొరపాటు. లేసు అల్లడం అయ్యాక ఉతికి, చిక్కటి గంజిలో ముంచి, చెక్క మీద లాగి గుండుసూదులు కొట్టి ఎండబెడతాం. అమ్మ నేర్పింది, అమ్మమ్మ నేర్పింది. గంజి పెట్టని లేసు మాకు తల దువ్వుకోని మనిషితో సమానం. వదిన చెయ్యి ఆలోచించకుండా ఆ పని చేసేసింది. అన్నం వార్చిన గంజి వేడివేడిగా కుమ్మరించి, పెద్ద బిందె బోర్లించి దాని చుట్టూ తొడిగి ఎండలో పెట్టింది.

సాయంత్రం బిందె తీసేసింది. చున్నీ మాత్రం అలాగే నిలబడింది.

సాయిదుర్గ దాన్ని తలలోంచి దూర్చుకుంది. దూరడానికి దూరింది. ఇక తల అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు. గంగిరెద్దు మెడలో పట్టెడలా ఉంది. "అత్తయ్యా, అద్దంలో వెనక బండ్లు చూడాలంటే నేను మొత్తం బండి తిప్పుకోవాలండి" అంది.

వదిన దాన్ని తీసి నేల మీద పెట్టింది. అంతలో ఒక కోడిపిల్ల వచ్చి లోపల దూరి పడుకుంది. సరిగ్గా అప్పుడే పల్లంరాజు అన్నయ్య వచ్చాడు. ఆయన ఎప్పుడూ సరిగ్గా అప్పుడే వస్తాడు.

"కోళ్ళ గంప బానే కుదిరిందే" అన్నాడు.

వదిన మాట్లాడలేదు. వీధి వీధంతా ఆ నిశ్శబ్దం విని బయటికొచ్చింది. వదిన దాన్ని గంజి పోయే దాకా ఉతికి ఉతికి మళ్ళీ ఆరేసింది. ఈసారి మెత్తగా వచ్చింది. కోడలి మెడలో పడింది కూడా. కానీ పిల్ల తల తిప్పగానే పువ్వు రేకు చెవి బుట్టకమ్మకి పట్టుకుంది. అది విడదీస్తే ఆకు జాకెట్టు హుక్కుకి పట్టుకుంది. అన్నయ్య చేతిలోకి తీసుకుని, వల చూసినట్టు వేళ్ళ మధ్య జరుపుతూ చూశాడు.

"ఒక్కో రేకూ ఒక కొసేనే. ఇదివరకు రెండుండేవి. ఇప్పుడు నూరు చేసిపెట్టావు."

"అన్నీ వంకలే నీకు" అంది వదిన. "పిల్ల బండెక్కడం నీకిష్టం లేదు. అది చెప్పు. కొసలంటావు, గిసలంటావు."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేనెప్పుడూ వినలేదు, అందుకే గోడ దగ్గరికి ఇంకాస్త జరగాల్సొచ్చింది.

"నువ్వు చూడలేదే. నేను చూశాను. లాగుతుంటే రావట్లా. ఎంత లాగితే అంత బిగుస్తోంది. పిల్ల నా వంక చూస్తోంది, మాట రావట్లా దానికి. కత్తి అందింది గాబట్టి. ఆ రోజు కత్తి ఇంట్లో మర్చిపోయుంటే?"

చిరిగిన వల భుజాన వేసుకుని పెరట్లోకి పోయి, జామచెట్టు కొమ్మకి తగిలించి బాగు చేసుకోవడం మొదలుపెట్టాడు. సాయిదుర్గ చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళింది. తాళం మీద ఆ పిల్లకున్న కోపం ఆ పూటతో పోయిందని నాకు తర్వాత చెప్పింది. కానీ కోపం పోయినంత మాత్రాన పనికెళ్ళడం కుదరదు కదా. చవితి దగ్గరికొచ్చేస్తోంది. బజారులో అప్పటికే మట్టి విగ్రహాలకి రంగులు వేస్తున్నారు.

వదిన ఏం చేసిందంటే, రెండు గ్లాసుల్లో టీ పోసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆయనకొకటి ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. ఆవిడ కళ్ళు ఆయన చేతుల మీదే ఉన్నాయి. వల గుండ్రంగా కొమ్మకి వేలాడుతోంది. గాలొస్తే అటు ఊగుతోంది, ఇటు ఊగుతోంది. ఎక్కడా ఒక చోట ఆగట్లేదు, ఎక్కడా ఏదీ పట్టుకోవట్లేదు.

"ఏవయ్యా, ఈ వల ఎక్కడ మొదలెడతావు?"

అన్నయ్య తల ఎత్తాడు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ వల గురించి అడగలేదు. చేపలెన్ని అని అడిగేది, ఎందుకు ఆలస్యమని అడిగేది. ఆయనకి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

"ఇదిగో, ఇక్కడ నెత్తి మీద. వల కళ్ళు వరసగా వేసుకుని గుండ్రం కలిపేస్తాం. అక్కణ్ణించి తిరుగుడే తిరుగుడు. ఒక వరస మీద ఇంకో వరస. కిందకెళ్ళేకొద్దీ కళ్ళు పెంచుకుంటా పోవాలి, అప్పుడు విచ్చుకుంటది."

"మరి అతుకో?"

"వలకి అతుకేంటే? అతుకుంటే చేప అక్కడే చీల్చుకుపోద్ది."

"పెంచకుండా ఒకేలా తిప్పుకుంటా పోతే?"

"గొట్టంలా వస్తది. గొట్టం ఎవడికి కావాలి?"

"ఇంత మెత్తగా ఎలా ఉంటది?"

"గంజి పెట్టను కాబట్టి" అన్నాడు అన్నయ్య, టీ తాగుతూ.

వదిన గ్లాసు అక్కడే వదిలేసి లోపలికి పోయింది. దుప్పట్లకి వాడే దారం పక్కన పెట్టి, అంతకన్నా సన్నది, మెత్తది తీసింది. గొలుసు అల్లి, మెలి పడకుండా చూసుకుని గుండ్రం కలిపింది. దాని మీద కన్ను, కన్ను పక్కన కన్ను. చిన్న కళ్ళు, నెత్తళ్ళలాంటి పిల్ల చేపలు కూడా దూరలేనంత చిన్నవి.

ఇది చెప్తే తేలిక. ఆవిడ చెయ్యి మాత్రం వినలేదు. ఇన్నేళ్ళ అతుకుపని చెయ్యి కదా, వరస తిరిగి మొదటికి రాగానే దానంతటదే ముడేసి అతికేసేది. విప్పేది. మళ్ళీ తిరిగి వచ్చేది, మళ్ళీ అతికేసేది. "చచ్చినదానా, ఆగకు, పోతా ఉండు" అని తన చేతిని తనే తిట్టుకునేది. సాయిదుర్గ పక్కన కూర్చుని, వరస తిరిగొచ్చేటప్పటికి "పోనియ్యండత్తయ్యా, పోనియ్యండి" అని హెచ్చరించేది, ఎడ్లు తోలినట్టు. కూరలు మాడాయి. పాలు పొంగాయి. అరుగు మీద మేమంతా గుమిగూడి చూశాం. మా చేతుల్లో మా పువ్వులు ఉన్నాయి గానీ ఎవరూ రేకు వెయ్యలేదు. ఒక మనిషి మొదట్నుంచీ చివరి దాకా ఒక్కతే లేసు దారంతో ఒక వస్తువు అల్లడం మా వీధిలో అదే మొదలు. చిన్నమ్మాయి నా చెవిలో "మనం కూడా అల్లొచ్చా ఇలా" అంది, దొంగతనం సంగతి అడిగినట్టు.

అల్లడం అయ్యాక ఒక్క చిక్కు మిగిలింది. ఎంత తిప్పినా మొదలుపెట్టిన దారం కొస ఒకటి, ఆపేసిన దారం కొస ఒకటి ఉంటాయి కదా. ఆ రెండిటినీ వదిన సూదికి ఎక్కించి, కళ్ళలోంచి కళ్ళలోకి దూర్చి లోపలికి పంపేసింది. అప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి తటపటాయించలేదు. కనబడకుండా చెయ్యడమంటే ఆవిడ పుట్టింటి విద్య.

చవితి రెండు రోజులుందనగా పొద్దున్నే అన్నయ్య ముందు పెట్టింది. పక్కన మేమందరం. ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వేళ్ళతో తడుముతూ తిప్పాడు. తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. పాలవాడు వచ్చి పాలు పోసి, నిలబడి చూసి, వెళ్ళి, వీధి చివరి దాకా పోసి తిరిగొచ్చినా అన్నయ్య ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. ఆ చున్నీ ఆయన చేతుల్లో కాకినాడ దాకా వెళ్ళి వచ్చుంటుంది.

"మొదలెక్కడే?" అన్నాడు చివరికి.

"నువ్వే చెప్పు" అంది వదిన. "నీ వలే కదా అది."

అప్పుడు ఆయన ఎత్తి ఎండకి పట్టి చూశాడు. కళ్ళు చూశాడు. వరసలు చూశాడు. మొహం మారింది. "నా కన్నే ఇది" అన్నాడు. "నాకు టీ ఇచ్చి లాగేసావు."

"అడిగితే చెప్పావు. చెప్పింది చేశాను."

అంతటితో ఒప్పుకుంటే ఆయన పల్లంరాజు ఎందుకవుతాడు. స్కూటీ స్టాండు వేయించాడు. కోడల్ని ఎక్కించాడు. చున్నీ తలకీ మొహానికీ రెండు చుట్లు తిప్పుకోమన్నాడు. కిటికీలోంచి వైరు లాగి టేబుల్ ఫ్యాను తెప్పించి, చక్రం పక్కన పెట్టి పిల్ల వైపు తిప్పి పెద్ద గాలి పెట్టాడు. వాకిట్లో ఆకులు ఎగిరాయి, ముగ్గు ఎగిరింది, చిన్నమ్మాయి చీర కుచ్చిళ్ళు ఎగిరాయి. చున్నీ మాత్రం పిల్ల మెడని పట్టుకుని అలాగే ఉంది, తల్లిని వదలని పాపలా.

"ఊపిరాడుతోందా అమ్మా?" అని అడిగాడు ఆయన.

"ఆడుతోందండి మావయ్యగారూ. చల్లగా కూడా ఉందండి."

"బిగుసుకుంటే చెప్పు" అని ఆయన దాన్ని ఒక పక్కకి లాగి చూశాడు. లాగితే సాగింది, వదిలితే వచ్చింది. ఇంకో పక్కకి లాగాడు. అప్పుడు నేను చూశాను, ఆయన రెండో చెయ్యి నడుం దగ్గరున్న కత్తి మీదే ఉంది. అందరం చూశాం గానీ చూడనట్టు తలలు పక్కకి తిప్పుకున్నాం. మా పేటలో అంత మర్యాద ఎప్పుడోగానీ జరగదు.

ఫ్యాను ఆపేసి, మొలతాడు దగ్గర చెయ్యి పెట్టాడు. పదిమంది ఆడాళ్ళం చూస్తున్నామని గుర్తొచ్చి, లోపలికెళ్ళి విప్పుకుని తాళం తెచ్చాడు. కోడలి చేతిలో పెట్టాడు. వదిన వంక చూసి, "బానే ఉంది" అన్నాడు. ఆయన నోట్లోంచి ఆ రెండు మాటలు రావడమంటే కలెక్టరుగారు శాలువా కప్పడంతో సమానం. వదిన మొహం తిప్పేసుకుని చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. జలుబని చెప్పింది.

"ఐసు ఫ్యాక్టరీ దాకా నేను కూడా వస్తాను, ఒక రౌండు చూస్తాను" అని అన్నయ్య బండి వెనక ఎక్కి కూర్చున్నాడు. సాయిదుర్గ బండి స్టార్టు చేసింది. అద్దంలో చూసింది. ఆపేసింది.

"ఏవైంది?"

"మావయ్యగారూ, మీ తువ్వాలండి."

భుజం మీద తువ్వాలు ఉంది. ఒక వైపు మోకాలి దాకా, ఇంకో వైపు చక్రం దాకా వేలాడుతోంది.

"దానికేంటి? నాది ఎక్కడికీ పోదు."

"పోతుందండి. రెండు కొసలున్నాయండి."

అన్నయ్య ఆకాశం వైపు చూశాడు, మా వైపు చూశాడు. కోడలు హేండిలు మీద చేతులు పెట్టుకుని, ల్యాబులో రైతు సీసా మూత తీసే దాకా ఆగినట్టు నిదానంగా కూర్చుంది. స్టార్టు చెయ్యలేదు.

ఆయన తువ్వాలు తీసి వదినకి ఇచ్చాడు. అప్పుడు కదిలింది బండి. గట్టు మీద వాళ్ళిద్దరూ వెళ్తుంటే మా పేట పేటంతా ఒక్కసారి నవ్విన నవ్వు పంటు మీద ఉన్నవాళ్ళకి వినబడిందని చెప్పారు. నేను నమ్ముతాను.

వదిన మాత్రం నవ్వలేదు. తువ్వాలు మడతపెట్టి భుజాన వేసుకుని, బోసిగా ఉన్న ఆయన మెడ వెనక భాగం మలుపు తిరిగే దాకా కళ్ళు చిట్లించి చూసింది.

"ఈయనకి ఈ దారం ఆగదు" అంది నాతో. "ఇంకాస్త ముతకది కావాలి. నీలం రంగు దొరుకుద్దేమో కనుక్కో."